బావగారి గడియారంలో ఇండియా టైము

పొద్దున్న పదకొండు గంటలు. సియాటిల్‌లో పియర్ 91. ఎదురుగా పన్నెండంతస్తుల తెల్లటి మేడ నీళ్ళలో నిలబడి ఉంది. నెత్తిన పొగగొట్టం ఉంది కాబట్టి ఓడ అనుకోవాలి. నేను కాకినాడ రేవులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేశాను. చేరిన కొత్తల్లో మాకు ఓడ దూరం నుంచి కనపడేదే గాని ఒడ్డుకు వచ్చేది కాదు. ఎక్కడో లంగరు వేసుకుని ఉండేది, బార్జీలు బియ్యం బస్తాలు మోసుకుని దాని దగ్గరికి వెళ్ళేవి. ఓడల కాగితాలు వేలకొద్దీ రాశాను, ఓడ ఎక్కడం మాత్రం ఇదే మొదలు. రండి, నా వెనకాలే నిలబడండి. వరస పొడుగ్గానే ఉంది గాని కదులుతోంది.

మేం ఏడుగురం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, ఆరేళ్ళ మనవడు, కోడలి అమ్మా నాన్నా, అంటే మా చెల్లెమ్మగారూ, బావగారూ. బావగారు తణుకులో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన ఎడమచేతికి పాత హెచ్‌ఎంటీ గడియారం. అమెరికా వచ్చి రెండు నెలలైనా అందులో ఇండియా టైమే నడుస్తోంది. "పన్నెండున్నర తీసేస్తే ఇక్కడి టైము. ఈ మాత్రం లెక్కకు ముళ్ళు తిప్పడం ఎందుకు బావగారూ?" అంటారు.

పక్క వరసలో తెలుగు మాట వినిపిస్తోంది. ఓ కుర్రాడు కౌంటర్లో ఆవిణ్ణి బతిమాలుతున్నాడు. "మా నాన్నగారు వాళ్ళు ఓడ దిగరు, లోపలే కూర్చుంటారు" అంటున్నాడు ఇంగ్లీషులో. ఆవిడ నవ్వు చెదరకుండా తల అడ్డంగా ఊపుతోంది. పెద్దవాళ్ళిద్దరూ సూట్‌కేసుల మీద చేతులు వేసి చూస్తున్నారు. పాస్‌పోర్టులున్నాయి, పదేళ్ళ అమెరికా వీసా ఉంది, టికెట్టు ఉంది. కెనడా వీసా లేదు. పెద్దాయన నా వైపు తిరిగి అడిగారు: "అలాస్కా అమెరికాదే కదండీ, మధ్యలో కెనడా ఎందుకొచ్చింది?"

1886లో చేసిన ఒక చట్టం వల్ల వచ్చింది. పరాయి దేశపు జెండా కట్టిన ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని అమెరికా రేవులు మాత్రమే చూపించి తేకూడదని ఆ ఏడు వాళ్ళు రాసుకున్నారు. మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. ఈ పెద్ద ఓడలు ఇంచుమించు అన్నీ బహామాస్‌వో, పనామావో, బెర్ముడావో జెండా కట్టుకునే తిరుగుతాయి. అందుకని వారం రోజులు అలాస్కా చూపించి ఆఖరి రాత్రి విక్టోరియా అనే కెనడా ఊళ్ళో కొన్ని గంటలు ఆగుతాయి. కోవిడ్ వల్ల 2021లో కెనడా తన రేవులు మూసేస్తే, ఆ వేసవి అలాస్కా ఓడలు కదలడానికి అమెరికా కాంగ్రెసు వేరే చట్టం చేయవలసి వచ్చింది. నూట ముప్పై ఐదేళ్ళ కాగితం అంత గట్టిది. కౌంటర్లో ఆవిడ నవ్వు దాన్ని ఏం చేస్తుంది?

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఆ నాలుగు గంటల కోసం కెనడా వీసా ఉండి తీరాలి. అది వారంలో వచ్చేది కాదు, ముందే పెట్టుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ వీసా అక్కర్లేదు గాని కార్డూ, పాస్‌పోర్టూ రెండూ చేతిలో ఉండాలి. హెచ్1 వీసా మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిన పిల్లలు టికెట్టు కొనకముందే తెలిసిన లాయరును అడగడం మంచిది. తిరిగి అమెరికాలో అడుగు పెట్టేది వాళ్ళే కదా.

ఆ పెద్దాయన సూట్‌కేసు చక్రాల చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

సామాను ఎక్స్‌రే దగ్గర ఇప్పుడు బావగారిని ఆపారు. సంచీలోంచి కరెంటు కెటిల్ బయటికి వచ్చింది. పొద్దున్నే సొంత కాఫీ కాచుకుందామని తెచ్చుకున్నారు. కెటిలు, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కరు, వేడి పుట్టించేది ఏదీ కేబిన్లోకి రానివ్వరు. సర్జ్ ప్రొటెక్టరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వద్దంటారు. ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరిగెడతాం. ఇక్కడ వీధి ఎక్కడుంది? చీటీ రాసిచ్చారు, ఆఖరి రోజు తిరిగిస్తారట. చెల్లెమ్మగారి హార్లిక్స్ సీసాలోని ఆవకాయ కూడా పోయింది. ఇంట్లో చేసిన తిండి చాలా ఓడల్లో పనికిరాదు. అదే సంచీలో దుకాణం సీలు విప్పని గోంగూర పచ్చడి పాకెట్లు మాత్రం నిక్షేపంగా దాటాయి. "మనం పెట్టిన ఆవకాయ మీద నమ్మకం లేదు, ఎవడో ఫ్యాక్టరీ వాడి మీద ఉంది" అని చెల్లెమ్మగారు గొణుగుతున్నారు.

లోపల అత్తరు వాసన, పియానో, నాలుగంతస్తుల మెట్లు. మనవడు అప్పుడే ఎనిమిదో అంతస్తులో ఐస్‌క్రీము ఎక్కడుందో కనిపెట్టాడు. మా కేబిను ఆరో అంతస్తులో, ఓడకు నట్టనడుమ. కోడలు కావాలనే అక్కడ తీసుకుంది. ఉయ్యాలబల్లకు చివర కూర్చున్నవాడికి ఊపు ఎక్కువ, నడుమ కూర్చున్నవాడికి తక్కువ, అంతే సూత్రం. పైకి వెళ్ళేకొద్దీ కూడా ఊపు పెరుగుతుంది. బాల్కనీ మోజుతో అణియం దగ్గర పదో అంతస్తు తీసుకున్నవాళ్ళు రాత్రికి తెలుసుకుంటారు.

గదిలో మంచం, చిన్న సోఫా, మనిషి తిరగడానికి చాలీచాలని స్నానాలగది ఉన్నాయి. సూట్‌కేసులు మాత్రం రాలేదు. రేవు దగ్గర ఇచ్చిన సామాను మూడు వేల మందిది, అది గది గుమ్మం ముందుకు చేరేసరికి ఒక్కోసారి రాత్రి భోజనాల వేళ అవుతుంది. మా ఆవిడ బీపీ మాత్రలు, బావగారి ఇన్సులిన్, మనవడి జ్వరం మందు, పాస్‌పోర్టులు అన్నీ కోడలి భుజం సంచీలో ఉన్నాయి. గదులు సర్దే ఇండోనేషియా అబ్బాయి చిన్న ఫ్రిజ్‌లో సీసాలు తీసేసి ఇన్సులిన్‌కు చోటిచ్చాడు.

మూడున్నరకు ఓడంతా మైకులో పిలుపు. ప్రతి కేబిను కార్డు మీదా ఒక అక్షరం, ఒక అంకె ఉన్నాయి, అది మీ లైఫ్‌బోటు దగ్గరి చోటు. ఇప్పుడు అక్కడికి నడవాలి. బావగారికి కదలాలని లేదు. "ఊరికే హాజరు వేయించుకోవడమేగా?" అన్నారు.

నేను ఆయనతో వాదించలేదు. 2019 సెప్టెంబరు 15 అన్నాను. గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ తేదీ చాలు. పాపికొండలకు బయల్దేరిన లాంచీ కచ్చులూరు దగ్గర తిరగబడింది ఆ రోజే. ఆ ఊరి వాళ్ళు పడవలేసుకుని వచ్చి ఒడ్డుకు చేర్చిన కొద్దిమందే బతికారు. మా వీధిలో ఒక ఇంటి ముందు ఆ ఏడు దసరాకు తోరణం కట్టలేదు. బావగారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నారు.

రండి, మనం కూడా. లిఫ్టు కాదు, మెట్లే. లిఫ్టు అలవాటైతే రేపు కరెంటు లేనప్పుడు దారి తెలియదు. కిందికి దిగి, ఎర్ర తలుపు తోసుకుని, బయటి వసారాలోకి వచ్చాం. తల మీద నారింజ రంగు లైఫ్‌బోటు వేలాడుతోంది, ఒక చిన్న బస్సంత ఉంది. ఓడ సిబ్బందిలో ఒకమ్మాయి జాకెట్టు తొడిగి చూపిస్తోంది. ఇంతలో ఓడ కూత మొదలైంది. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత. గుండెలో కదిలినట్టయింది. మనవడు చెవులు మూసుకున్నాడు. అది వినిపిస్తే ఏ పనిలో ఉన్నా వదిలేసి, సామాను జోలికి పోకుండా, ఇక్కడికి రావాలి.

2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. నాలుగు వేల రెండు వందల పైచిలుకు మంది ఉన్నారు, 32 మంది పోయారు. ఆ సాయంత్రం రేవులో ఎక్కిన వందలమందికి ఇంకా ఈ కసరత్తు చేయించనే లేదు. అప్పటి నియమం ప్రకారం ఒక రోజు గడువుంది మరి. ఆ తరవాత నియమం మార్చారు. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జనానికి ఇది చూపించి తీరాలి. కార్డు గీయించుకున్నాం. బావగారు మాత్రం ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచి జాకెట్టు తాళ్ళు ఎటు కట్టాలో రెండుసార్లు అడిగారు.

రాత్రి పదిన్నర. వాంకూవర్ దీవి పక్కన పసిఫిక్ మహాసముద్రంలోకి వచ్చేశాం. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు ఈ దీవికి బయటి వైపునుంచి వెళతాయి, అక్కడ అడ్డుకునే నేల లేదు. ముందు హ్యాంగరు బీరువాకు తగిలి టక్కుమంది. తరవాత ఇంకోసారి. బల్ల మీద నీళ్ళగ్లాసులో నీరు ఒకవైపుకు వాలి, ఆలోచించుకుని, రెండోవైపుకు వాలుతోంది. పడుకుంటే కడుపులో ఎవరో బిందె కడుగుతున్నట్టుంది.

చెల్లెమ్మగారు గోడ పట్టుకుని వచ్చారు, ముఖం పాలిపోయి ఉంది. మా ఊళ్ళో ఘాటు రోడ్డు బస్సెక్కేముందు అవోమిన్ వేసుకుంటాం కదా, ఇక్కడ మెక్లిజిన్ అనే మాత్ర ఇస్తారు. కాకపోతే తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమైనట్టే, ఓడ కదలడానికి ఓ గంట ముందు వేసుకోవాలి. రెండూ నిద్ర తెస్తాయి. ప్రోస్టేటు, గ్లకోమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. రిసెప్షన్‌లో అడిగితే మాత్రతో పాటు ఆకుపచ్చ యాపిలూ, ఉప్పు బిస్కెట్లూ ఇచ్చారు. ఓడవాళ్ళ పాతకాలపు వైద్యమట. మా ఆవిడ తన పెట్టెలోంచి శొంఠి తీసింది. కడుపు ఖాళీగా ఉంచకూడదు, పుస్తకంలోకి గాని ఫోనులోకి గాని చూడకూడదు. కిటికీలోంచి దూరంగా ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తూ ఉండాలి. రాత్రి కదా, గీత లేదు. అందుకని కళ్ళు మూసుకోమన్నాం. ఓడ డాక్టరు దగ్గరికి పోదామన్నాడు అబ్బాయి. పోవచ్చు. కాని అక్కడ చూసినందుకు ఒకటి, మందు ఇచ్చినందుకు ఒకటి బిల్లు పడుతుంది. అమెరికా రాగానే తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు సముద్రం మీద చెల్లుతుందో లేదో పాలసీలో ఒకసారి చదువుకుని ఎక్కాలి. రోగిని ఎయిర్ అంబులెన్సులో తరలించవలసి వస్తే అది లక్షల మాట.

ఒంటిగంటకు చెల్లెమ్మగారు నిద్రపోయారు. పక్కమంచం మీద బావగారు గడియారం చూసుకుని, "మనింటి దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటన్నర, పాలేరు గేదెలకు కుడితి పెట్టే వేళ" అన్నారు.

మర్నాడంతా సముద్రమే. బూడిదరంగు నీళ్ళు, బూడిదరంగు ఆకాశం. పొద్దున్నే ఫలహారాల హాలు ముందు వాష్‌బేసిన్ల వరస ఉంది. పక్కనే చేతికి రాసుకునే జెల్లు డబ్బా కూడా ఉంది. అందరూ జెల్లు రాసుకుని పోతున్నారు. మీరు మాత్రం నాతో ఇటు రండి, సబ్బు తీసుకోండి. ఓడలో వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్‌కు ఆ జెల్లు పెద్దగా లొంగదు. సబ్బుతో, పారే నీళ్ళలో, ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దితే పోతుంది. ఒకే గరిటె మూడు వేల చేతులు పట్టుకునే చోటు ఇది. అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళు ఈ ఓడలను తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు, ఎనభై ఆరు వస్తేనే పాసు. వంటిల్లు బాగాలేని ఓడ ఫెయిలవుతుంది, ఆ సంగతి అందరూ చూసేలా పెడతారు. ఈ మాట చెప్పగానే బావగారికి ఓడంటే గౌరవం పెరిగింది. మార్కులు కదా.

కడుపు నొప్పి అనిపిస్తే దాచకూడదు. చెబితే గదిలోనే ఉంచుతారన్న భయంతో దాచేవాళ్ళ వల్లే అది పాకుతుంది.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మా ఆవిడకు పెద్ద చిక్కు. శాకాహారి. సూపు చూస్తే కాయగూరలే ఉన్నాయి, కాని దాని నీళ్ళు కోడి ఎముకలవి కావచ్చు. వడ్డించే కుర్రాడు వంగి మెల్లగా, "అమ్మా, అది వద్దులెండి" అన్నాడు. తెలుగు! గాజువాక అబ్బాయి. మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు.

ఆ అబ్బాయి చెప్పినదే మీకూ చెబుతాను. శాకాహారం అని టికెట్టు కొన్నప్పుడే రాయించాలి. ఎక్కాక మొదటి రాత్రే పెద్ద వెయిటర్‌తో చెప్పాలి. మరునాటి భోజనం ఇవాళ రాత్రే అడిగితే వంటింట్లో మనవాళ్ళెవరో ఒకరు పప్పు, కూర చేసి పంపుతారు. అప్పటికప్పుడు అడిగితే ఉడికించిన బ్రాకలీ వస్తుంది. జైనుల తిండి, ఉల్లి వెల్లుల్లి లేనిది, అదీ చేస్తారు, అడగడమే ఆలస్యం. అతను ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడు, వారానికి ఏడు రోజులూ పనే. బిల్లులో రోజుకు మనిషికి ఇంత అని వాళ్ళంతట వాళ్ళే కలిపే టిప్పు ఉంటుంది, మామూలు కేబినుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల మధ్య. ఏడుగురికి ఏడు రాత్రులు, లెక్క బావగారికే వదిలేద్దాం. ఆయన వేసి ఉలిక్కిపడి, రిసెప్షన్‌కు వెళ్ళి తీయించేస్తానన్నారు. తీయిస్తారు కూడా, అడిగితే. "అది మాకే వస్తుందండి, కనపడని వాళ్ళకు కూడా. బట్టలుతికేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు" అన్నాడు ఆ అబ్బాయి, నేల చూస్తూ. బావగారు కుర్చీలో కూర్చుండిపోయారు. నన్నడిగితే ఈ డబ్బు టికెట్టు ధరలోనే కలిపేయాలి. చవక అని చూపించి తరవాత వడ్డించడం మర్యాద కాదు. అయినా ఆ లెక్క కంపెనీతో తేల్చుకోవాలి గాని గాజువాక అబ్బాయితో కాదు.

సాయంత్రం కోడలు అందరి ఫోన్లూ అడిగి తీసుకుంది. "నాన్నా, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి."

"ఓడలో ఏరోప్లేన్ మోడ్ ఏమిటే?"

ఒడ్డు దాటాక ఫోను ఊరికే ఉండదు, ఓడ పైనున్న ఉపగ్రహం టవరు పట్టుకుంటుంది. మీ ప్యాకేజీలో అది ఉండదు, నిమిషానికి డాలర్లలో గీకుతుంది. మీరు మాట్లాడకపోయినా వాట్సాపులో ఎవరో పంపిన సుప్రభాతం వీడియో దిగుతూనే ఉంటుంది. ఆపేయండి. ఓడ వైఫై కొనుక్కుంటే ఇంటికి ఒకరి ఫోను మీద కొనుక్కోండి.

మూడో రోజు జూనో. అలాస్కాకు రాజధాని, అయినా బయటినుంచి ఆ ఊరికి రోడ్డే లేదు. ఓడలోనో, విమానంలోనో రావాలి. జనం తాకిడి తట్టుకోలేక రోజుకు ఐదు పెద్ద ఓడలు చాలని 2024 నుంచి కట్టడి చేసుకున్నారు. మెండెన్‌హాల్ హిమానీనదం చూశాం, వానలో. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. తలకు టోపీ ఉన్న వానకోటు కావాలి. బల్ల మీదినుంచి తీసుకున్న యాపిలు పండు జేబులో పెట్టుకుని ఒడ్డుకు దిగబోయిన మనవణ్ణి మెట్ల దగ్గరే ఆపారు. పచ్చి పళ్ళూ, కూరలూ ఓడ దాటకూడదు.

నాలుగో రోజు స్కాగ్వే, నాకు అన్నిటికన్నా నచ్చిన ఊరు. నాలుగు వీధులు, చెక్క కాలిబాటలు. కెనడాలో క్లాండైక్ దగ్గర 1896లో బంగారం దొరికిందని తెలిసి లక్షమంది ఇటు బయల్దేరారు. కొండ మీద సరిహద్దులో కెనడా పోలీసులు ఒక నియమం పెట్టారు: మనిషికి ఏడాదికి సరిపడా తిండీ, సామానూ, దగ్గర దగ్గర ఒక టన్ను, ఉంటేనే లోపలికి. లేకపోతే మంచులో చస్తారు. టన్ను సామాను వీపు మీద, ఒకటే కొండ ముప్పై నలభైసార్లు ఎక్కి దిగి చేరవేశారు. సగంమంది కూడా చేరలేదు, చేరినవాళ్ళలో చాలామందికి మంచి గనులు దొరకలేదు. 1898లో మొదలుపెట్టి రెండేళ్ళలో వేసిన మూడడుగుల రైలుపట్టా ఇప్పుడు మనల్ని కొండ ఎక్కిస్తోంది. కిటికీలోంచి లోయ అడుగున వాళ్ళ కాలిబాట సన్నగా కనిపిస్తోంది. చెల్లెమ్మగారు నాలుగు పెద్ద సూట్‌కేసులు తెచ్చినందుకు దారంతా వేళాకోళం చేసిన అబ్బాయి వైపు చూసి, "టన్ను కాలేదుగా బాబూ" అన్నారు.

ఐదో రోజు ఎవరూ లేపకుండానే లేచాం. గ్లేసియర్ బే నేషనల్ పార్కు. రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. తెల్లవారుజామున ఒక చిన్న పడవ మన ఓడ పక్కకు వచ్చి, పార్కు రేంజర్లు తాళ్ళ నిచ్చెన ఎక్కి పైకి వచ్చారు. ఇవాళ పాటలు లేవు, పై అంతస్తులో కాగితపు న్యాప్కిన్లు కూడా లేవు, గాలికి నీళ్ళలో పడతాయని. రేంజరు మైకులో చెబుతోంది: 1750 ప్రాంతంలో ఈ అఖాతమంతా మంచే. 1794లో వాంకూవర్ అనే నావికుడి మనుషులు వచ్చినప్పుడు నోటి దగ్గర కొద్ది మైళ్ళే నీరు. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి పరిశోధకుడు వచ్చేసరికి మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు అరవై మైళ్ళు లోపలికి పోతే గాని కనపడదు. అంతకుముందు ఈ మంచు కింద ఊళ్ళున్నాయి, హూనా ట్లింగిట్ జనం ఊళ్ళు. మంచు ముందుకు వచ్చి వాళ్ళను తరిమింది.

ఓడ ఇంజను చప్పుడు తగ్గింది. ఎదురుగా మార్జరీ హిమానీనదం, మైలు వెడల్పు గోడ, ఇరవై అంతస్తుల ఎత్తు. తెలుపు అనుకుంటాం. కాదు, చాకలి నీలిమందు రంగు, పగుళ్ళలో ఇంకా ముదురు. నీళ్ళలో మంచుముక్కలు చిటచిటమంటున్నాయి, నూనెలో ఆవాలు వేసినట్టు. వాటిలో ఎన్నో ఏళ్ళ కిందటి గాలి బుడగలు పేలుతున్నాయట. మూడు వేల మందిలో ఒక్కరూ మాట్లాడటం లేదు. గోడలోంచి ఒక స్తంభం మెల్లగా వంగింది. చప్పుడు లేదు. నీళ్ళలోకి కూలింది. అప్పుడు వచ్చింది ఉరుము, ఆకాశం లోంచి కాదు, ఎదురుగా. ట్లింగిట్‌లు దీన్ని తెల్ల ఉరుము అంటారు. మనవడు నా వేలు గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదిన్నరకు డెక్కు మీదికి వచ్చినవాళ్ళు రెయిలింగు దగ్గర చోటు దొరక్క భుజాల మీదుగా చూస్తున్నారు. ఈ ఒక్కరోజు నిద్ర ముఖ్యం కాదు. రెండు స్వెట్టర్లు, చెవులకు మఫ్లరు, చేతికి తొడుగులు వేసుకుని ముందే రండి. ఓడ ఒక గంట నిలిచి, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది, కాబట్టి ఏ వైపు నిలబడినా మీ వంతు వస్తుంది.

ఆరో రోజు కెచికాన్, ఏడాదికి నూట యాభై అంగుళాల వాన పడే ఊరు. మన కోస్తా వానకు మూడింతల పైన. కురిసింది. అంతే.

ఏడో రోజు రాత్రి విక్టోరియా. ఓడ తలుపు దగ్గర బోర్డు: అందరూ తిరిగి ఎక్కవలసిన వేళ రాత్రి 10:30. అబ్బాయి వాళ్ళు మనవడితో ఓడలోనే ఉండిపోయారు. మేం నలుగురం మాత్రం టాక్సీలో ఊళ్ళోకి వచ్చాం. ఇది ఓడ వాళ్ళు అమ్మిన టూరు కాదు, మా అంతట మేం వచ్చినది. ఈ తేడా ముఖ్యం. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు.

ఫిస్గార్డ్ వీధి, చైనా వాళ్ళ ఎర్ర ద్వారం. చెల్లెమ్మగారు పింగాణీ కప్పులు బేరమాడుతున్నారు. నా ఫోను ఏరోప్లేన్ మోడులో, కేబిన్లో ఉంది. "టైమెంతయిందండీ?" అన్నాను.

బావగారు గడియారం చూశారు. పదింబావు. "పదమూడున్నర తీసేస్తే ఎనిమిది ముప్పావు. బోలెడంత ఉంది."

అలాస్కా గడియారం సియాటిల్ కన్నా గంట వెనక. మొదటి రాత్రే ఓడ గడియారాలు వెనక్కి తిప్పారు, ఆయన పన్నెండున్నరను పదమూడున్నర చేసుకున్నారు. ఒక్క రోజూ లెక్క తప్పలేదు. దుకాణం బయటికి వచ్చి తల ఎత్తాను. జూన్ నెలలో ఇక్కడ తొమ్మిది దాటినా ఎండ ఉంటుంది. ఎండ లేదు. వీధి దీపాలున్నాయి. ఆకాశం వంకాయ రంగులో ఉంది. దూరంగా శాసనసభ భవనం మీద దీపాల తోరణం వెలిగిపోతోంది.

"బావగారూ, నిన్న రాత్రి ఓడ గడియారం గంట ముందుకు తిప్పమని గదిలో చీటీ పెట్టారు, చూశారా?"

ఆయన నోట మాట లేదు. విక్టోరియాది సియాటిల్ టైమే. టైము ఎనిమిది ముప్పావు కాదు, పదికి పావు తక్కువ. రేవు ఇక్కడికి రెండు కిలోమీటర్ల పైన. పాస్‌పోర్టులు కేబిన్ లాకర్లో. జేబులో వాటి జెరాక్సు కూడా లేదు. ఓడ తప్పితే కెనడాలో నలుగురు ముసలివాళ్ళం, చేతిలో మూడు కప్పులు. రేవు కార్యాలయం వాళ్ళు పాస్‌పోర్టులు దింపించి ఇచ్చినా, సియాటిల్‌కు వెళ్ళే పడవ ఖర్చు మనదే.

టాక్సీ దొరికింది. దొరకడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ బావగారు గడియారం వైపు చూడలేదు. పదీ పదికి ఓడ మెట్ల దగ్గర కార్డు గీశాం. కోడలు పైనే నిలబడి ఉంది. "నాన్నా, ఫోన్లు గదిలో పెట్టి వెళతారా ఎవరైనా!" అని ఒక్క కేక వేసింది. ఆయన గడియారం విప్పి మనవడి చేతిలో పెట్టి, "తిప్పు" అన్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అర్ధరాత్రిలోగా సూట్‌కేసులకు రంగు చీటీలు కట్టి కేబిను బయట పెట్టాలి, పొద్దున్న రేవులో తీసుకోవాలి. బావగారు క్రమశిక్షణ గల మనిషి. సమస్తం సర్ది, తాళం వేసి, అందరికన్నా ముందు బయట పెట్టి పడుకున్నారు. పొద్దున్న ఆరింటికి మా తలుపు తట్టారు. ఒంటి మీద లుంగీ, బనీను. ప్యాంటు, చొక్కా, పళ్ళసెట్టు డబ్బా అన్నీ సూట్‌కేసులో. సూట్‌కేసు ఓడ అడుగున. నా చొక్కా ఆయనకు బిగుతు. అబ్బాయి వానకోటు తొడుక్కుని, కింద నీలం గళ్ళ లుంగీతో, ఒక చేత్తో తిరిగి వచ్చిన కెటిల్ పట్టుకుని, అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు నిలబడ్డారు. అధికారి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, పాస్‌పోర్టులో ఫోటో చూసి, వెళ్ళమన్నాడు.

ఆఖరి రాత్రి పెట్టె మూసేముందు మర్నాటికి ఒక జత బట్టలు తీసి పక్కన పెట్టుకోండి.